రైలు అడగడానికి బస్సెక్కాను

మదనపల్లె నుంచి కుప్పానికి రెండు దారులున్నాయి. రెండూ మనుషులు పోయే దారులు కావు. రైల్లో పోవాలంటే ముందు బస్సెక్కి, ఊరికి ఏడెనిమిది మైళ్ల అవతల ఉన్న రైల్వే స్టేషనుకు పోవాలి. అక్కడ చిన్న బండి ఎక్కి పాకాలలో దిగాలి, మారి కాట్పాడి చేరాలి, అక్కడ పెద్ద బండి ఎక్కి జోలార్‌పేట, మళ్లీ మారితే కుప్పం. ముక్కేదిరా అంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టన్నమాట. రెండో దారి పుంగనూరు, పలమనేరు మీదుగా తిన్నగా బస్సులో పోవడం. తిన్నగా అన్నది దారి మాట. బస్సు మాట తర్వాత చెప్తాను.

ఈ రెంటి మీదా నాకున్న కోపం ఈనాటిది కాదు. మదనపల్లెలో ఒక హైస్కూల్లో నేను డ్రాయింగు మాస్టరును. కాపురం కురబలకోట. రోజూ బస్సులో పోయి రావాలి. పొద్దున తొమ్మిదింటప్పుడు ఆ రోడ్డు మీద ఏముండదని! రైలు దిగినవాళ్లను మోసుకొచ్చే బస్సులు, జట్కాలు, వేరుశెనక్కాయల బండ్లు, వీటన్నిటి మధ్య సంతకు పోయే గొర్రెల మందలు. గొర్రెలకు హారను అర్థం కాదు, జట్కావాడికి అర్థమైనా పట్టదు. ఊరి మొగదల బండికి బండి అడ్డం పడితే అరగంట కదలదు. ఆ అరగంటా బస్సులో ఉన్నవాళ్లందరూ డ్రైవరుకు తలా ఒక దారి చెప్తారు. పాతికేళ్లకు నా జుట్టు నల్లగా ఉండేది. ఇప్పుడు నలభై దాటకుండానే నెరిసిందంటే కారణం పిల్లలు కాదు, బస్సు.

అందుకని నావంటి అయిదుగురం కలిసి ప్రయాణికుల సంఘం పెట్టాం. రైలు పట్టాలు స్టేషను దగ్గరే ఆగిపోకుండా మదనపల్లె ఊళ్లోకి రావాలి. అక్కణ్ణుంచి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం దాకా పోవాలి. పనులకు పోయేవాళ్ల కోసం పొద్దున ఒక బండి, సాయంత్రం ఒక బండి నడపాలి. ఇదీ మా అర్జీ. దానికి పటం నేనే గీశాను. ఎర్ర సిరాతో పట్టాలు, నల్ల సిరాతో స్టేషన్లు. నా చేతిపని గురించి నేను చెప్పుకోకూడదుగాని, ఆ పటం చూస్తే రైలు వచ్చేసినట్టే ఉండేది.

ఇంతలో రైల్వే ఆఫీసరొకరు తనిఖీకి వస్తూ కుప్పం స్టేషనులో కొంతసేపు ఆగుతారని తెలిసింది. అర్జీ చేతికివ్వాలి. సంఘంలో మిగతా నలుగురికీ సరిగ్గా ఆ వారమే పనులు తగులుకున్నాయి. నాకు దసరా సెలవులు. సెలవులున్నవాడు అందరికీ లోకువ.

మదనపల్లె: నాలుగు గంటల బస్సు

నాలుగు గంటల బస్సన్నారు. నేను మూడున్నరకే పోయి కూర్చున్నాను. యుద్ధం అయిపోయి ఏడాది దాటినా పెట్రోలు ఇంకా కంట్రోలులోనే ఉంది కాబట్టి, మా బస్సులు బొగ్గు తిని బతుకుతున్నాయి. బస్సు వెనక పీపా అంత పొయ్యి, దానికి గాలి కొట్టే చక్రం. కండక్టరు మునెప్ప ఆ చక్రం తిప్పుతూ చెమటలు కారుస్తున్నాడు. నాలుగైంది. నాలుగుంపావైంది.

"ఏమప్పా మునెప్పా, బస్సు ఎప్పుడు పోతాది?" అన్నాను.

"నిండితే పోతాది అయ్యోరూ."

"నిండింది గదప్పా!"

"కూసునేవాళ్లు నిండినారు. నిలబడేవాళ్లు యాడ నిండినారు?"

నిలబడేవాళ్లు నిండేసరికి అయిదైంది. బయల్దేరాక మునెప్ప టికెట్లు కొట్టుకుంటూ వచ్చి, నా ఒళ్లో ఉన్న పటం చుట్ట ఏమిటని అడిగాడు. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. రైలు కావాలని అర్జీ అన్నాను.

"రైలా? అంటే మా కడుపు కొట్టేదానికి మా బస్సులోనే పోతాండావా?" అన్నాడు మునెప్ప, అందరికీ వినపడేట్టు. బస్సంతా గొల్లున నవ్వింది. "సరే, టికెట్టు తీసుకో. రైలొచ్చేదాకా టికెట్టు మాదే."

డ్రైవరు ఖాదర్ సాబు మాత్రం నవ్వలేదు. తల తిప్పకుండానే, "నా పేరు గూడా రాసుకోండి సార్. రైల్లో డ్రైవరు పక్కన బొగ్గెయ్యడానికి వేరే మనిషి ఉంటాడంట గదా. నాకట్లాంటి నౌకరీ కావాల," అన్నాడు. ఎదురు గాలికి బస్సు ఎత్తు ఎక్కలేక ఆగినప్పుడు, స్టీరింగు మీదే కాగితం పెట్టుకుని ఉర్దూలో సంతకం చేశాడు. రైలు కావాలన్న అర్జీకి దారిలో దొరికిన మొదటి సంతకం బస్సు డ్రైవరుది.

అయిదో మైలు

రైలు ప్రతి మైలుకూ ఆగదు. అందుకే నాకు రైలంటే ప్రేమ. ఈ బస్సు చెయ్యెత్తిన ప్రతివాడికీ ఆగుతుంది. ఒకామె చెయ్యెత్తి ఆపి, పుంగనూరులో ఉన్న తన అన్నకు కోడలు నీళ్లోసుకుందని చెప్పమని ఖాదర్ సాబుకు చెప్పి, ఎక్కకుండానే ఇంటికి పోయింది. ఇంకొకాయన ఎక్కి, చెప్పులు మరిచిపోయానని దిగి, తెచ్చుకునేదాకా మమ్మల్ని నిలబెట్టాడు. ఎవరూ ఏమీ అనలేదు. నేను పళ్లు కొరుక్కున్నాను.

నా పక్క సీట్లో కూర్చున్నామె పేరు సంతోషమ్మ. ముప్పై అయిదేళ్లుంటాయి. తెల్ల చీర, చేతిలో గుడ్డ సంచి, అందులో బైబిలు, టిఫిను గిన్నె. మదనపల్లెలో ఒక మిషనాసుపత్రిలో ఆయా. అయిదో మైలు రాయి పక్కనున్న పల్లెలో ఇల్లు. భర్త చనిపోయాడు. ఇద్దరు పిల్లలు, అత్త, ముగ్గురూ ఈమె సంపాదన మీదే.

"రైలు టయానికి వస్తాదా అయ్యోరూ?" అని మెల్లగా అడిగింది.

"గంట కొట్టినట్టు వస్తాదమ్మా."

"నాకు పొద్దున ఏడుకు డ్యూటీ. ఈ నెల్లో రెండు తూర్లు ఆలీసమైనాను. మూడో తూరి అయితే ఇంక రావద్దన్నారు. వాళ్లనీ అనేదానికి లేదు, రాత్రంతా మేలుకున్న మనిషి నేను పోయేదాకా ఆడనే ఉండాల. బస్సు యాల ఆలీసమాయనని వాళ్లకేం సెప్పేది?" అని, "మా అయిదో మైలు దగ్గిర ఆపమని రాయండి అయ్యోరూ. సంతకం పెడతాను. నేను సదువుకున్నాను," అంది.

అయిదో మైలులో స్టేషను రాదని నాకు తెలుసు. కానీ ఆ ముఖం చూసి ఆ మాట అనలేకపోయాను. పటం విప్పి, ఎర్ర గీత మీద నల్లటి చుక్క పెట్టి, పక్కన చక్కగా 'అయిదో మైలు' అని రాశాను. ఆమె గుండ్రటి అక్షరాలతో సంతకం పెట్టింది.

ఇంక చూడండి! బస్సులో ఉన్నవాళ్లందరికీ స్టేషన్లు కావలసివచ్చాయి. వెనక సీటు పెద్దాయన తన చింతతోపు దగ్గర ఆగకపోతే వేలిముద్ర వెయ్యనన్నాడు. ఒక రెడ్డిగారు తన మోటబావి దగ్గరైతే ఇంజనుకు నీళ్లు కూడా పట్టుకోవచ్చని ఆశ చూపించాడు. రైలంటే ఇట్లా ఆగేది కాదయ్యా అంటే, "ఆగనిదానికి మేమెట్ల ఎక్కేది?" అని నా వైపు జాలిగా చూశారు. సంతకాలు కావాలంటే చుక్కలు పెట్టాలి. ఆఫీసరు సంతకాలు లెక్కపెడతాడుగాని చుక్కలు ఎక్కడ లెక్కపెడతాడని పెట్టుకుంటూ పోయాను. ఈ తెలివితక్కువతనం పూర్తిగా నాదే.

పుంగనూరు

చీకటి పడ్డాక పుంగనూరు చేరాం. ఊరి బయటే మరో అరగంట పోయింది. ఆ ఊరి ఆవుల గురించి వినే ఉంటారు. ఎత్తు మన మోకాలికి కొంచెం పైన ఉంటుందిగాని, గర్వం మాత్రం ఏనుగుది. నాలుగు ఆవులు రోడ్డుకు అడ్డంగా పడుకున్నాయి. ఖాదర్ సాబు హారను నొక్కితే ఒకటి చెవి ఆడించింది. చివరకు మునెప్ప దిగి, పేరు పెట్టి పిలిచి, గంగడోలు నిమిరి లేపాడు. మా కురబలకోటలో గొర్రెలను కర్రతో అదిలిస్తారు. ఇక్కడ పశువును బతిమాలుకుంటారు. రోడ్డుకు రెండూ ఒకటే.

బస్సు స్టాండు దగ్గర ఒక పూటకూళ్ల హోటల్లో తిన్నాను. బియ్యం రేషనులో ఉంది కాబట్టి అన్నం పిడికెడే పెట్టి, కడుపు నింపుకోవడానికి రాగి సంగటి ఇచ్చారు. దానిమీద నెయ్యి, పక్కన ఊరిబిండి పచ్చడి. మూడణాలకు ఆ భోజనం నాకు ఎంతో నచ్చింది. ఆ ప్రయాణంలో నాకు కోపం రాని సమయం అదొక్కటే. అదీ ఎక్కువసేపు నిలవలేదు. పటం చూసిన హోటలాయన, "రైలు మా హోటలు ముందరే ఆగితే పాసింజర్లకు సంగటి సులువుగా దొరుకుతాది గదా," అన్నాడు. అంతలోనే అనుమానపడి, "ఇంతకీ దివాణం ఒప్పుకుంటాదా?" అన్నాడు. జమీందారీ ఊరి అలవాటది. వాన రావాలన్నా దివాణం ఒప్పుకోవాలి వాళ్లకు. ఒక చుక్క పెట్టాను. సంగటి రుణం.

వీకోట ఎత్తు

మర్నాడు పలమనేరు దాకా ఒక బస్సు, అక్కడ మారి కుప్పానికి ఇంకో బస్సు. పలమనేరు దాటాక భాషలు కలగాపులగమయ్యాయి. నా ముందు సీట్లో భార్యాభర్తలు తమిళంలో పోట్లాడుకుని తెలుగులో రాజీపడ్డారు. పక్కాయన కన్నడంలో నిద్రపోయాడు. అంటే నిద్రలో కన్నడం మాట్లాడాడు.

వీకోట దగ్గర వాన పడింది. తడిసిన బొగ్గుతో బస్సు ఒక ఎత్తు ఎక్కలేక దగ్గి నిలిచిపోయింది. అందరినీ దిగి తొయ్యమన్నారు. టికెట్టు కొన్నవాడు కూర్చోవాలిగాని తొయ్యడమేమిటని నేను దిగలేదు. అప్పుడా కండక్టరు ఎంతో మర్యాదగా, "అయితే మీరు కూసోండి సామీ, మీ బరువు గూడా మేమే తోస్తాం," అన్నాడు. ఆడవాళ్లు కూడా దిగి భుజం పెట్టడం కనపడింది. సిగ్గేసి దిగాను. పొయ్యి పక్కనే చోటు దొరికింది. ఎత్తు ఎక్కేసరికి నా తెల్ల పంచె నల్ల పంచె అయింది. రైల్వే ఆఫీసరును చూడ్డానికి దాచుకున్న పంచె అది.

ఆ కోపంలో రోడ్డు మీదే నిలబడి, రైలు గొప్పతనం గురించి చిన్న ఉపన్యాసం ఇచ్చాను. రైలును ఎవరూ తొయ్యరన్నాను. అందరూ చేతులు కడుక్కుంటూ విన్నారు. ఆ తర్వాత ఎనిమిది సంతకాలు, ఆరు చుక్కలు వచ్చాయి.

కుప్పం

మూడోనాడు తెల్లవారి కుప్పం స్టేషనులో నిలబడ్డాను. కోలారు గనుల పనికి పోయే జనం ప్లాట్‌ఫారం నిండా ఉన్నారు. ప్రతివాడి చేతిలో గిన్నె, చెవిలో బీడీ. ఇంతమంది పనికి పోతున్నా ఊళ్లో బండికి బండి అడ్డం పడలేదు, ఒక్క హారను మోగలేదు. బండి వచ్చింది. గంట కొట్టారు. అందరినీ మింగి, చెప్పిన నిమిషానికి పోయింది. నాకు కళ్లు చెమర్చాయంటే మీరు నవ్వుతారు.

బండి పోయిన తర్వాత ఒక మనిషి పరుగెత్తుకుంటూ వచ్చాడు. పేరు చిన్నప్ప. ఒక్క నిమిషం ఆలస్యం. బెంచీ మీద కూర్చుని తాపీగా గిన్నె విప్పి చద్ది తినడం మొదలుపెట్టాడు.

"ఏమప్పా, ఇంక పనికెట్ల పోతావు?"

"ఈపొద్దు పని లేదు సామీ. పోయింది గదా," అని బండి పోయిన వైపు చెయ్యి చూపించాడు. "బిడ్డకు జరం. అది సెప్పినా రైలు ఇంటాదా? బస్సోడైతే తిట్టుకుంటానే నిలిపుంటాడు."

నేను వినీ విననట్టు అక్కణ్ణుంచి కదిలాను.

ఆఫీసరు మద్రాసు మనిషి, తెలుగు తడుముకోకుండా మాట్లాడాడు. తన బండి కదలడానికి పది నిమిషాలుందని, వెయిటింగు రూములోనే పటం విప్పమన్నాడు. నా పంచె వైపు ఒకసారి చూశాడు. పటం మాత్రం చాలాసేపు చూశాడు.

"చాలా అందంగా గీశారు. మదనపల్లె వైపు చిన్న పట్టాలనూ కుప్పం వైపు పెద్ద పట్టాలనూ ఎక్కడ అతుకుతారో చెప్పలేదుగాని, అదటుంచండి. ఈ నల్ల చుక్కలేమిటి?"

"స్టేషన్లండి."

"ఇరవై మూడున్నాయి. ఇన్నిచోట్ల ఆగితే మీ బొగ్గు బస్సు మా రైలును దాటిపోతుంది మాస్టారూ. ఇట్లాగే పైకి పంపితే నవ్వి అవతల పారేస్తారు. అయిదుంచండి. మిగతావి కొట్టెయ్యండి." జేబులోంచి పెన్సిలు తీసి నా చేతికిచ్చాడు.

"మీరే..." అన్నాను.

"అర్జీ మీది. మీరే కొట్టెయ్యాలి."

మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, వీకోట, కుప్పం. ఈ అయిదూ ఉంచి మొదలుపెట్టాను. చింతతోపు పోయింది. మోటబావి పోయింది. సంగటి హోటలు పోయింది. అయిదో మైలు దగ్గర పెన్సిలు ఆగింది. బయట ఇంజను కూత పెట్టింది. ఆఫీసరు గడియారం చూశాడు. కొట్టేశాను. పెన్సిలు ముక్కు విరిగేంత గట్టిగా కొట్టేశాను. ఆయన కాగితాలు ఫైల్లో పెట్టుకుని, "చూద్దాం," అన్నాడు. చిన్నప్ప కోసం ఆగని రైలు ఆయన కోసం ఒక నిమిషం ఆగింది. అది కూడా చూశాను.

మళ్లీ అయిదో మైలు

ఆ రాత్రికి పుంగనూరు చేరి, తెల్లవారుజామున మదనపల్లె బస్సెక్కాను. ఖాదర్ సాబే, మునెప్పే. బొగ్గు అంటుకోక అరగంట ఆలస్యంగా బయల్దేరింది. తర్వాత యథాప్రకారం పాలవాడికీ కట్టెలవాడికీ ఆగుతూ దొర్లింది. అయిదో మైలు దగ్గర పడుతుంటే అవతలి పక్క సీటుకు మారి కూర్చున్నాను. దొంగబుద్ధి అంటే అదే.

ఏం లాభం? సంతోషమ్మ రాయి పక్కనే నిలబడి ఉంది. ఎక్కగానే నన్ను చూసింది. "అయ్యోరూ! అర్జీ ఇచ్చినారా? మా ఊరు సూసినాడా ఆయప్ప?"

దారి పొడుగునా సిద్ధం చేసుకున్న మాటలు ఒక్కటీ నోటికి రాలేదు. "చూసినాడమ్మా. కొట్టెయ్యమన్నాడు. నేనే కొట్టేసినాను," అన్నాను.

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. "టైమెంతయ్యింది అయ్యోరూ?" అంది.

వాచీ తీశాను. ఏడుకు ఇరవై రెండు నిమిషాలు తక్కువ. ఈ బస్సు రోజూ నడిచే తీరుకు ఆ అయిదు మైళ్లకూ ముప్పావు గంట పడుతుంది. ఆమె సంచీని ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుంది. ఇది మూడో తూరి.

నాకేమైందో తెలియదు. ఆఫీసరు మీద కోపమా, నా మీద కోపమా, నాలుగు రోజుల బస్సు కోపమంతానా. లేచి జనాన్ని తోసుకుంటూ ముందుకు పోయాను. "ఖాదర్ సాబూ, ఇంక ఆపొద్దు. ఎవరు చెయ్యెత్తినా ఆపొద్దు. ఆపినావంటే ఈమె పని పోతాది."

"ఆపకపోతే రేపీ దోవలో నన్ను రాళ్లతో కొడతారు సార్."

"నన్ను కొట్టమను!"

ఖాదర్ సాబు అద్దంలో సంతోషమ్మను చూశాడు. "అచ్ఛా," అని గేరు మార్చాడు. మునెప్ప వెనక తలుపుకు వేలాడుతూ నిలబడ్డాడు. ఆ బస్సు అంత వేగంగా పోగలదని దాన్ని చేసినవాడికి కూడా తెలిసి ఉండదు.

మొదటి చెయ్యి ఒక ముసలాయనది. బస్సు ఆగుతుందన్న నమ్మకంతో మూట అప్పుడే నెత్తికెత్తుకున్నాడు. దాటిపోయాం. తర్వాత పెరుగు దుత్తలతో ముగ్గురు ఆడవాళ్లు. నవ్వుతూ చేతులెత్తారు. దాటిపోతుంటే నవ్వు అట్లాగే ఉంది, చేతులు మాత్రం దిగాయి. మునెప్ప ప్రతివాళ్లకూ, "ఎనకాల ఇంకో బండి వస్తాంది!" అని అరిచాడు.

"వస్తాందా అప్పా?" అన్నాను.

"యాడ వస్తాది? పదింటికి గదా."

బస్సులోపల ఒకటే గోల. తన తమ్ముడు ఫలానా మలుపు దగ్గర నిలబడి ఉంటాడని ఒకాయన నా చొక్కా పట్టుకున్నాడు. ఆ తమ్ముడు కూడా వెనకబడిపోయాడు. దారి మీద ఎత్తిన ప్రతి చేతినీ నేను చూశాను. సిగ్గుపడ్డాను. అయినా ఆపమనలేదు. ఎక్కడో నాకు సంతోషంగా కూడా ఉందని దాచకుండా చెప్తున్నాను. జీవితంలో మొదటిసారి ఒక బస్సు నా మాట విన్నది.

ఆసుపత్రి గేటు ముందు ఆగేసరికి ఏడుకు మూడు నిమిషాలుంది. బస్సులో వాళ్లు కూడా కోపం మరిచిపోయి, "దిగమ్మా, బిన్నా పో!" అని అరిచారు. సంతోషమ్మ దిగింది. రొమ్ము విరుచుకుని నేనూ మెట్టు మీదికి వచ్చాను.

"సూసినావా అమ్మా," అన్నాను, నా నోటికీ వాళ్ల యాసే వచ్చేసింది, "మూడు నిమిషాలు ముందే!"

ఆమె గేటు దగ్గర ఒక్క క్షణం ఆగి నాకు దణ్ణం పెట్టింది. "ఈపొద్దుకు సరే అయ్యోరూ," అంది. "రేపు మీరీ బస్సులో ఉండరు గదా."

నా జవాబు కోసం ఆగకుండా లోపలికి పోయింది.